పది మార్కుల వద్దు

మా బడి పిల్లలు సామాజిక మాధ్యమాలకు దూరంగా ఉంటామని మూకుమ్మడిగా ప్రతిజ్ఞ చేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ ప్రతిజ్ఞను మూడు కోణాల్లో వీడియో తీసి, సామాజిక మాధ్యమాలన్నిటిలోనూ పెట్టారు. మొదటి రోజే పదకొండు వేల మంది చూశారు. పిల్లలు ఎంత దూరంగా ఉన్నారో చాలా దగ్గర నుంచి కనిపించిందని అందరూ మెచ్చుకున్నారు.

ఒక్క లోపం దొర్లింది. వరండాలో నిలబెట్టిన మూడో తరగతి వరుసలో ఎడమ నుంచి నాలుగో పిల్ల, ఎనిమిదేళ్లది, ప్రతిజ్ఞ అయ్యేంతవరకూ మొహానికి లెక్కల పుస్తకం అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ తరగతి వీడియోలో ముప్పై మూడు మొహాలు, ఒక లెక్కల పుస్తకం కనిపిస్తాయి.

ప్రధానోపాధ్యాయురాలు ఆ పిల్లను గదికి పిలిపించారు. తలుపు పక్కన క్లాసు టీచరు నిలబడింది.

"మొహం ఎందుకు దాచావమ్మా?"

"నన్ను అడగలేదు కదా మేడమ్."

"నిన్ను అడగడమేమిటి?"

"ఫొటో తీసేముందు అడగాలని టీచర్ చెప్పారు. పరీక్షలో అదే రాశాను. పదికి పది వచ్చాయి."

దిగ్భ్రాంతి కలిగించే ఈ పరిణామంపై ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. 'మన ఫొటో మనది' అనే పాఠం పుస్తకంలో నిజంగానే ఉందని, టీచరు దాన్ని నిజంగానే చెప్పిందని సంఘం రెండు రోజులు కూర్చుని తేల్చింది. పాఠం ఉండడం తప్పు కాదు. చెప్పడమూ తప్పు కాదు, తనిఖీకి వచ్చినవాళ్లు అడుగుతారు కాబట్టి. అయితే పరీక్షలో రాయవలసిన జవాబును బాలిక వరండాలో వాడిందని, ఇది సిలబస్‌ను అతిక్రమించడమేనని సంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. విచారణ ఫొటో కూడా ఆ సాయంత్రమే పెట్టారు. ఆలోచిస్తున్నట్టు కనిపించడానికి సభ్యులు మూడుసార్లు కూర్చోవలసి వచ్చింది.

తండ్రిని పిలిపించారు. ఆయన బాధ వేరు. "మా బావమరిది కొడుకు ముందు వరుసలో పళ్లన్నీ కనబడేలా నిలబడ్డాడండీ. మా పిల్ల చోట పుస్తకం. చుట్టాలకి ఏం చూపించమంటారు?"

పిల్ల విషయంలో ఆయన ఎంతో శ్రద్ధ గల మనిషి. అది కడుపులో ఉండగానే స్కానింగ్ బొమ్మతో ఖాతా తెరిచాడు. మొదటి పన్ను, మొదటి జ్వరం, పక్క తడిపి ఏడ్చిన పొద్దు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పక్క తడిపిన వీడియో చూసి క్లాసులో ఇద్దరు నవ్వారని పిల్ల టీచరు దగ్గర వెక్కి వెక్కి ఏడ్చింది. టీచరు ఆ పాఠాన్ని రెండుసార్లు చెప్పడానికి కారణం అదే. ఈ సంగతి విచారణ పరిధిలోకి రాదు కనుక నివేదికలో చేర్చలేదు.

తీర్పు దయతోనే ఇచ్చారు. పిల్ల క్షమాపణ చెప్పాలి, అది వీడియో తీయాలి, తీసేది క్లాసు టీచరే. లేకపోతే టీచరును మూడో తరగతి నుంచి తప్పిస్తారు.

"మీరు చెప్తే వింటుందమ్మా. కాస్త నవ్వుతూ చెప్పించండి," అన్నారు ప్రధానోపాధ్యాయురాలు.

టీచరుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ క్లాసంటే ఆమెకు ప్రాణం. సాయంత్రం బడి విడిచాక, ఖాళీ బెంచీల మధ్య ఫోను చేతిలో పట్టుకుని పిల్ల ఎదురుగా కూర్చుంది. బతిమాలితే ఒప్పుకుంటుందని తెలుసు. అందుకే బతిమాలలేదు.

"తీయనా?"

"వద్దంటే మీకేమన్నా అవుతుందా టీచర్?"

"నా సంగతి కాదు. నీకు ఇష్టమా అని అడుగుతున్నా."

"అయితే వద్దు."

టీచరు ఫోను సంచిలో వేసుకుని నివేదిక రాసింది: 'అడిగాను. వద్దంది. తీయలేదు.' వివరాలు చాలవన్నారు. మర్నాటి నుంచి విరిగిన బల్లలూ పాత పటాలూ ఉండే గదికి ఆమెను సామగ్రి పర్యవేక్షకురాలిగా నియమించి గౌరవించారు.

బడి తన పొరపాటును వెంటనే దిద్దుకుంది. సంవత్సరం చివరి పరీక్షలో ఆ ప్రశ్న మళ్లీ ఇచ్చారు: నీ ఫొటో తీసేముందు ఎవరిని అడగాలి? కొత్త టీచరు వల్లె వేయించిన జవాబు, 'పెద్దలను'. ముప్పై మూడు మంది అదే రాశారు. ఆ పిల్ల మాత్రం 'నన్ను' అని రాసింది. సున్నా పడింది.

తండ్రి ఆ కాగితం చూసి పడీ పడీ నవ్వాడు. పేరూ క్లాసూ కనబడేలా ఫొటో తీసి, 'మా గడుగ్గాయి తెలివి చూడండి' అని రాసి పెట్టాడు. పిల్లను అడగలేదు. ఇంట్లో పెద్ద తనే కదా. లక్షమంది చూసి ముచ్చటపడ్డారు. పసిపిల్ల ఎంత చక్కగా చెప్పిందో, దీన్ని చూసైనా పెద్దలకు బుద్ధి రావాలని రాసి, తలా పదిమందికి పంపారు. మీకూ వచ్చే ఉంటుంది. మీరు ఎవరెవరికి పంపారో గుర్తుందా?