బెంచీ దారి

పాఠ్యపుస్తకంలో పేజీ తిప్పినప్పుడల్లా ఏడో తరగతి చివరి బెంచీ, పాఠం అర్థం కాని పిల్లలను మోసుకుంటూ ఒక బారెడు వెనక్కి జరిగేది. అన్ని బళ్ళలోనూ జరిగేదే కాబట్టి ఆ ఊళ్ళో దాన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. బడి కట్టేటప్పుడే ఇంజనీర్లు తరగతి వెనక గోడకు సరిగ్గా బెంచీ పట్టేంత వెడల్పున ఒక ద్వారం వదిలారు. దాని పేరు బెంచీ దారి. వెళ్ళే పిల్లల మీద వానజల్లు పడకుండా పైన రేకు కూడా వేయించారు.

ఆ ఏడు చివరి బెంచీ మీద ముగ్గురున్నారు. తిక్కస్వామికి ఎక్కాలు నోటిదాకా వస్తాయి గానీ బయటికి రావు. రంగమణి బోర్డు మీది మొదటి వరుస రాసుకునేసరికి బోర్డంతా తుడిచేసి ఉంటుంది. మూడో పిల్ల హుసేనమ్మ. ఆ పిల్లకు ఒక సందేహం వచ్చిందంటే అది తీరేదాకా ఇంకో మాట చెవికెక్కదు. వీళ్ళకు లెక్కలు చెప్పే కమలాక్షి ఉద్యోగంలో చేరి చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఎన్ని బెంచీలు వెళ్ళిపోయాయో ఆమె లెక్కపెట్టుకోలేదు. లెక్కల టీచరైనా సరే, కొన్ని లెక్కలు పెట్టుకోకపోవడమే ఒంటికి మంచిది.

భిన్నాల పాఠం రోజున హుసేనమ్మ చెయ్యెత్తింది.

"మేడం, రెండు కంటే నాలుగు పెద్దది గదా. కింద నాలుగుండే పావు, కింద రెండుండే సగం కంటే చిన్నదెట్లయితాది?"

మంచి ప్రశ్నే. అంతలో గంట కొట్టారు. "రేపు చెప్తాలే" అంది కమలాక్షి. రేపటికల్లా తర్వాతి పాఠం మొదలైనట్టు ఫోటో తీసి పైవాళ్ళకు పంపాలి. మర్నాడు పేజీ తిప్పింది, వెనక కిర్రుమంది. మరో నాలుగు పేజీలకు బెంచీ గుమ్మం దాటి, మధ్యాహ్న భోజనం వండే షెడ్డు పక్కకు చేరింది. వంటామె పొయ్యి కాస్త ఇటు జరుపుకుంది.

"కాంపౌండు దాటితే పంచాయతీ పరిధి అవుతుందమ్మా, హాజరుకు సర్పంచి సంతకం కావాలి" అన్నాడు హెడ్మాస్టరు శేషఫణి. ఆయన చెడ్డవాడు కాదు. బెంచీ కాంపౌండు దాటిన రోజునే పైకి రాసి, వెనుకబడిన బెంచీల సహాయ పథకం కింద ఒక మైకు తెప్పించాడు. కమలాక్షి మైకులో పాఠం చెప్పేది. బెంచీ బస్ షెల్టరు దాకా వెళ్ళాక దుర్భిణీ కూడా వచ్చింది. హాజరు పిలిస్తే ముగ్గురూ అక్కడినుంచి ఎర్రగుడ్డ ఊపాలి. తనిఖీకి వచ్చిన అధికారి దుర్భిణీలో చూసి, పిల్లలు చాలా స్పష్టంగా కనబడుతున్నారని మెచ్చుకుని హెడ్మాస్టరుకు శాలువా కప్పాడు. వాళ్ళకు పాఠం వినబడుతోందా అని ఆయన అడగలేదు. అడగడం ఆయన పని కాదు.

కమలాక్షికి మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. బోర్డు మీద రాస్తూ రాస్తూ వెనక్కి తిరిగేది. సుద్దముక్కలు వేళ్ళ మధ్యే విరిగిపోయేవి. ఇంట్లో ఎవరైనా కుర్చీ జరిపినా ఉలిక్కిపడేది. ఒకరోజు ఉండబట్టలేక హెడ్మాస్టరుతో అనేసింది.

"ఆ కిర్రుమనే చప్పుడు నన్ను నిలవనీయడం లేదు సార్."

"చూద్దామమ్మా, ఏదో ఒకటి చేద్దాం" అని ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు.

ఆ సోమవారం కమలాక్షి పేజీ తిప్పలేదు. ముందు బెంచీలకు పాత లెక్కలే మళ్ళీ చేయమని చెప్పి, తను బస్ షెల్టరుకు నడిచింది. తిక్కస్వామి పక్కన కూర్చుని, వచ్చే బస్సులూ పోయే బస్సులూ చూపిస్తూ, మూడో ఎక్కం వాడి నోట్లోంచి బయటికి లాగింది. "మూడు మూళ్ళు తొమ్మిది" అని వాడు అనగానే బెంచీ బడివైపు బారెడు జరిగింది. రంగమణి రాయడం అయ్యేదాకా ఆగింది, మరో బారెడు. చేతితో తోస్తే కదలని బెంచీ అర్థమైతే కదులుతుందని ఆమెకు తెలియనిది కాదు. ట్రైనింగులో చెప్పిందే. అంత ఓపికకు టైముటేబుల్లో పీరియడు లేదు, అంతే. శనివారానికి బెంచీ కాంపౌండు గోడకు ఆనుకుంది.

ఇక హుసేనమ్మ సందేహం ఒక్కటే మిగిలింది. "సోమవారం రొట్టె తెస్తా, కోసి చూపిస్తా" అంది కమలాక్షి. హుసేనమ్మ తల ఊపింది. ఆ పిల్లకు ఎదురుచూడటం బాగా అలవాటు.

సోమవారం ఉదయం ముందు బెంచీల పిల్లల నాన్నలు హెడ్మాస్టరు గదిలో కూర్చుని ఉన్నారు. వాళ్ళు వెళ్ళాక శేషఫణి ఆమెను పిలిచాడు.

"వారం రోజులుగా అదే పేజీ అంటమ్మా. పిల్లోళ్ళను ప్రైవేటుకు మారుస్తామంటున్నారు. పిల్లలు తగ్గితే ముందుగా పోయేది మీ పోస్టే. ముగ్గురి కోసం ముప్పైమందిని ఆపితే ఎట్లా?"

కమలాక్షి క్లాసుకు వెళ్ళి, వారం పేజీలన్నీ ఒక్క పూటలో తిప్పేసింది. బెంచీ లారీ లాగినట్టు వెనక్కి పోయింది. బస్ షెల్టరు, చెరకురసం బండి, పెట్రోలు బంకు దాటిపోయింది. దుర్భిణీలో చూస్తే హుసేనమ్మ ఎర్రగుడ్డ ఊపుతూ కనబడింది. హాజరు పలుకుతోందో, ఆగమంటోందో తెలియలేదు.  కమలాక్షి టిఫిను డబ్బాలోని జొన్నరొట్టె అట్లాగే ఇంటికి తిరిగి వెళ్ళింది.

దసరా నాటికి బెంచీ దుర్భిణీకి కూడా అందకుండా పోయింది. ముగ్గురినీ దూరవిద్య కింద చూపించి హాజరు నిలబెట్టారు. అందువల్ల బడి వదిలేసిన పిల్లల సంఖ్య ఆ ఏడు కూడా సున్నాయే.

సెలవుల్లో కమలాక్షి ఆటో మాట్లాడుకుని బెంచీ కాళ్ళ గీతల వెంబడి పోయింది. అవి తారురోడ్డు దిగి, ఒక విత్తనపత్తి చేలోకి దారి తీశాయి. చేలో సాళ్ళ మధ్య బెంచీలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో బడి పేరు. పిల్లలు మొక్కల మధ్య నిలబడి, ఒక పూవు పుప్పొడిని ఇంకో పూవుకు అంటిస్తున్నారు. మేస్త్రీ వీరభద్రప్ప మర్యాదగా ఎదురొచ్చాడు.

"రాండి మేడం. ఏటేటా ఈ కాలానికి బెంచీలు వచ్చేస్తాయి. మేమూ చోటు చూసిపెట్టుకుంటాం. ఈ పనికి దుడుకు పిల్లోల్లు పనికిరారు, మొగ్గ ఇరిసేస్తారు. నిదానం పిల్లోల్లే కావాల. మీ బడిది మంచి సరుకు."

హుసేనమ్మ పసుపు అంటిన వేళ్ళు లంగాకు తుడుచుకుంటూ వచ్చింది.

"మేడం, పావు యాల చిన్నదో తెలిసిపాయ. రొట్టె ఇద్దరం పంచుకుంటే సగమొస్తాది. నలుగురు కూచుంటే పావే వస్తాది. కిందుండే అంకె తినేవాళ్ళది. తినేవాళ్ళు ఎక్కువైతే ముక్క చిన్నదయితాది."

"సరిగ్గా చెప్పావమ్మా" అంది కమలాక్షి. 

ఆ మాటతోనే బెంచీ బడివైపు గట్టిగా ఒక ఊపు ఊగింది. కానీ ముందుకు రాలేదు. దాని నాలుగు కాళ్ళూ సిమెంటులో ఉన్నాయి.

"భయపడొద్దు మేడం" అన్నాడు వీరభద్రప్ప. "అన్నీ ఒకటి రెండు తూర్లు ఇట్ల గుంజుతాయి. అందుకే సిమెంటు ఏసేది."

"పగలగొట్టన్నా. నేను తీసుకుపోతా."

"తీసుకుపోండి. ఇప్పుడు మీరు ఏ పాఠంలో ఉండారు?"

"వైశాల్యాలు."

"మరి అది ఈ పిల్లకు తెలీదు గదా మేడం. రేప్పొద్దున మీరు పేజీ తిప్పితే మళ్ళా ఈడికే వస్తాది. పాపం, ఊరికే తిప్పలు."

కమలాక్షి ఎంత ఆలోచించినా ఆ మాటలో తప్పు దొరకలేదు. పేజీ తిప్పకుండా ఉంటానని అనడానికి నోరు రాలేదు. హుసేనమ్మే ఆమెకు ధైర్యం చెప్పింది.

"పోయి రాండి మేడం. రేపు చెప్తానంటిరి గదా, మీకు గ్యాపకం ఉండాదో లేదో అని నేనే కనుక్కుంటి."

సెలవుల తర్వాత బడి తెరిచారు. వెనక ఖాళీ అయిన చోటును ఊడ్చి, నీళ్ళు చల్లారు. ఇప్పుడు పదో బెంచీయే చివరి బెంచీ. దాని మీదినుంచి ఈరేశు అనేవాడు చెయ్యెత్తాడు.

"మేడం, పొడవు వెడల్పు గుణిస్తే మొత్తం జాగా ఎట్లొస్తాది? కూడాల గదా?"

మంచి ప్రశ్నే. కమలాక్షి గడియారం చూసింది. "రేపు చెప్తాలే" అని పేజీ తిప్పి, అలవాటుగా భుజాలు బిగబట్టింది.

ఏ చప్పుడూ రాలేదు. సెలవుల్లో శేషఫణి ఆమె మాట గుర్తుపెట్టుకుని, బెంచీల కాళ్ళన్నిటికీ రబ్బరు తొడుగులు వేయించాడు. బెంచీ మెత్తగా బారెడు వెనక్కి జరిగింది. ఆ పూట ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు, సుద్దముక్క విరగలేదు, పాఠం చాలా దూరం సాగింది.