పెరడు చూడవచ్చిన దీపాలు

పద్మనాభనగర్‌లో స్మార్ట్ దీపాలను మనుషులు ఎంచుకోరు. దీపాలే వచ్చి పెరడు చూసుకుంటాయి. నచ్చితే ఉండిపోతాయి, లేకపోతే వెళ్లి కబురు చేస్తామని లేస్తాయి. కాలనీ పుట్టినప్పటి నుంచీ పద్ధతి అదే.

మార్కెట్ యార్డులో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన చెంచురామయ్య పెరడు చూడడానికి ఒక శుక్రవారం సాయంత్రం దీపాలు వచ్చాయి. పక్కింటి మస్తానయ్య పెరడు అప్పటికే కుదిరిపోయింది. ఆనాటి నుంచి మస్తానయ్య చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు. అది చూడలేక చెంచురామయ్య గోడకు సున్నం కొట్టించాడు, బట్టల తీగ విప్పించాడు, భార్య శేషారత్నాన్ని పట్టుచీర కట్టుకోమన్నాడు. ఆమె కట్టుకుని, రోజూ కూర్చునే చోటే పీట వేసుకుని కనకాంబరాలు కడుతూ కూర్చుంది.

వచ్చినవి మూడు దీపాలు. వెంట మునిసిపాలిటీ దీపాల విభాగం గుమస్తా భ్రమరాంబ ఉంది. స్తంభం దీపం గేటు దగ్గర మెడ వంచి లోపలికి వచ్చింది. బాట పక్కన నాటే పొట్టి దీపాలు రెండూ దాని వెనక నిలబడ్డాయి. పెద్దవాళ్ల మాటల్లో అవి కల్పించుకోలేదు.

"పెరట్లో ఎవరెవరు ఉంటారు?" అని అడిగింది స్తంభం దీపం.

"నేనూ, మా ఆవిడండీ. సాయంత్రమైతే తను ఇక్కడే కూర్చుంటది."

"కూర్చుంటారా, తిరుగుతారా?"

"కూర్చుంటది."

దీపం కాస్త మసకబారింది. "కదిలేవారికే మేము వెలుగుతాం. కదలనిది మా లెక్కలో సామాను."

సంబంధం తప్పిపోయేటట్టే ఉంది. అంతలో గాలి వీచింది. మూలనున్న మునగచెట్టు కొమ్మలన్నీ ఒక్కసారి ఊగాయి. మూడు దీపాలూ ధగధగా వెలిగాయి.

"వీరెవరు?" అంది స్తంభం దీపం గౌరవంగా.

"మునగచెట్టండీ."

"మీకేమవుతారు?"

చెంచురామయ్య ఎక్కువసేపు ఆలోచించలేదు. "తమ్ముడండీ" అన్నాడు.

దాంతో కుదిరిపోయింది. దీపాలు గుర్తించినవాళ్లే ఆ ఇంటి మనుషులని నిబంధన. భ్రమరాంబ మునగచెట్టును మనుషుల వరుసలో రాసుకుంది. శేషారత్నాన్ని సామాన్ల వరుసలో, నులకమంచానికీ రుబ్బురోలుకీ మధ్య రాసింది. ఆమె చేతిరాత ముచ్చటగా ఉంది.

"మేడమ్ గారికి అభ్యంతరం ఏమైనా ఉందా?" అని భ్రమరాంబ చెంచురామయ్యను అడిగింది.

"ఆమెకేముంటది" అన్నాడు చెంచురామయ్య.

శేషారత్నం పూలదండ ఒళ్లో పెట్టుకుంది. "పొద్దున లేచింది మొదలు వంటింట్లో తిరగతానే ఉంటా గదమ్మా. అది లెక్కలోకి రాదా?"

"వంటిల్లు మా విభాగం కాదండీ" అంది భ్రమరాంబ, నిజంగానే నొచ్చుకుంటూ. "అది లోపలి విభాగం. అక్కడ పోస్టు ఎప్పటి నుంచో ఖాళీగా ఉంది. మీరు మధ్యమధ్య చెయ్యి ఊపండి, సరిపోతుంది."

మొదట్లో శేషారత్నం ఊపింది. చెయ్యెత్తితే వెలుగు వచ్చేది, ముడి వేసేలోపు పోయేది. కొన్నాళ్లకు భుజం నొప్పి పుట్టి మానేసింది. చీకట్లో పూలు కట్టడం అలవాటు చేసుకుంది. అదేమంత కష్టం కాలేదు.

మునగచెట్టు మాత్రం రాత్రింబవళ్లూ ఊగుతూ పైకొచ్చింది. మూడు దీపాలూ దాని మూల వైపే తిరిగి వెలిగేవి. దానికి రేషన్ బియ్యం మంజూరయ్యాయి, ఓటర్ల జాబితాలో పేరు ఎక్కింది. చెంచురామయ్య దాని మొదలుకు జరీ పంచె చుట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తుంటే, "మా తమ్ముడు" అని చెప్పేటప్పుడు ఆయన ఛాతీ నిజంగానే కొంత వెడల్పయ్యేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తనకింత గౌరవం దక్కలేదని ఆయనకు అనిపించేది. మస్తానయ్య ఇంట్లో దీపాలు గుర్తించింది మేకనొక్కదాన్నే. ఆ మేక కూడా మధ్యాహ్నం నిద్రపోతుంది.

ఒక ఆదివారం సాయంత్రం మస్తానయ్య ఉండబట్టలేక పెరడు చూడడానికి వచ్చాడు. మునగచెట్టుకు నమస్కారం చేశాడు. వెలుగంతా తిరిగి చూశాడు, మెచ్చుకోక తప్పలేదు. ఉక్కగా ఉండి మెడ తుడుచుకున్నాడు. తడిసిన తువ్వాలు ఆరేయడానికి తీగ కనబడక, చీకట్లో కూర్చున్న శేషారత్నం భుజం మీద వేశాడు. అందులో ఎవరికీ తప్పు తోచలేదు.

"గట్టిగానే ఉందే" అన్నాడు మస్తానయ్య.

"పాతకాలం సామాను" అన్నాడు చెంచురామయ్య, గర్వం దాచుకోకుండా. "ఇట్టాంటివి ఇప్పుడు యాడ దొరకతయ్యి?"

తువ్వాలు ఒక పక్కకు జారుతోంది. అది మట్టిలో పడకుండా శేషారత్నం భుజం కొంచెం పైకెత్తి పట్టింది, దీపాలు పసిగట్టలేనంత మెల్లగా.