కెప్టెన్ కిరీటి వడియాల కాపలా

ఆ ఆదివారం ఉదయం కెప్టెన్ కిరీటి వేసుకున్న పథకం చాలా చిన్నది. మీటింగులో కెమెరా ఆపేయాలి, మైకు ఆపేయాలి, పేరు దగ్గర ‘అతిథి’ అని పెట్టుకోవాలి, చివర్లో ఎటువైపు ఎక్కువమంది ఉంటే అటు ఓటేయాలి. ఎవరికీ కోపం రాకుండా, ఎవరికీ గుర్తుండకుండా బయటపడాలి.

కిరీటి హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో చిన్న జెట్ విమానాలు నడుపుతాడు. సినిమావాళ్ళూ, కాంట్రాక్టర్లూ, పెళ్ళిళ్ళకు వెళ్ళే కోటీశ్వరులూ అతని ప్రయాణికులు. సెలవు పెట్టి భార్య సౌజన్యతో తిరువూరులో అత్తవారింటికి వచ్చాడు. యూనియన్ పెట్టుకోవాలా వద్దా అని కంపెనీ పైలెట్లందరూ యజమానికి తెలియకుండా వీడియో మీటింగు పెట్టుకున్నది సరిగ్గా ఆ సెలవులోనే. గాలివానలో విమానం దింపేటప్పుడు కూడా చెమట పట్టని కిరీటికి, ఫోన్లో యజమాని పేరు కనిపిస్తే మాత్రం చొక్కా తడిసిపోతుంది.

ఆ ఇంట్లో వీడియోకి సరిపడా సిగ్నల్ మేడ మీదే అందుతుంది. కిరీటి ఫోన్ పట్టుకుని మెట్లెక్కుతుంటే అత్తగారు సుబ్బాయమ్మ ఎదురొచ్చింది. మేడంతా పాత పంచెలు పరిచి, తెల్లవారకముందే లేచి సగ్గుబియ్యం వడియాలు పెట్టిందావిడ.

“ఎలాగూ పైనే కూర్చుంటారు కదా బాబూ, కోతులొస్తే కాస్త అదిలించండి. ఆ మూలన కర్రుంది” అంది. ఎండకు అల్లుడి తల మాడుతుందని తన భర్త ఎర్ర తువ్వాలు కూడా చేతికిచ్చింది. కిరీటి దాన్ని తలకు చుట్టుకుని, నీళ్ళ ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుని మీటింగులో చేరాడు.

అప్పటికే వాదన వేడెక్కింది. యూనియన్ కావాలంటున్నది గీతాంజలి. కంపెనీలో అందరికంటే సీనియర్ కెప్టెన్. వద్దంటున్నవాడు నవీన్ కుమార్.

“మనం ప్రొఫెషనల్స్ మేడమ్. యూనియన్లూ, జెండాలూ మనకేంటి? టై కట్టుకుని జిందాబాద్ అంటామా?” అన్నాడు నవీన్.

“మొన్న ఆ పెళ్ళివాళ్ళ అరిసెల డబ్బాలు మోసినప్పుడు ఆ టై ఎక్కడుంది నవీన్? వాళ్ళ కుక్కకి సీటు బెల్టు పెట్టబోతే కరిచిందిగా, ఇంజెక్షన్ చేయించుకున్నది ప్రొఫెషనలేగా?”

“అది వేరే విషయం.”

“అదే విషయం. పగలంతా విమానాశ్రయంలో కూర్చోబెట్టి, రాత్రికి బయల్దేరమంటున్నారు. కూర్చున్నది విశ్రాంతిట! అలిసిపోయాను, నడపలేనంటే మర్నాటి నుంచి డ్యూటీ ఉండదు. ఒక్కరం అడిగితే తీసేస్తారు. అందరం అడిగితే ఎవర్ని తీస్తారు?”

“అసలు చట్టంలో మనం కార్మికులమేనా?” అన్నాడు ఇంకెవరో. దాని మీద మళ్ళీ గోల. కిరీటికి ఇద్దరి మాటలూ న్యాయంగానే వినిపించాయి. అందుకే ఓటు ఎటు పడుతుందో తేలేదాకా మజ్జిగ తాగుదామని గ్లాసు అందుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పక్క మేడ మీదినుంచి కోతులు దిగాయి. ఒకటీ రెండూ కాదు, పెళ్ళి బంధువుల్లా పిల్లాజెల్లాతో సహా. చూస్తుండగానే మొదటి పంచె మీది వడియాలన్నీ బుగ్గల్లోకి వెళ్ళిపోయాయి. పెద్ద కోతొకటి ఫోన్ మీదికే దూకింది. కిరీటి కంగారుగా ఫోన్ లాక్కున్నాడు. ఆ కంగారులో బొటనవేలు ఎక్కడెక్కడ నొక్కిందో అతనికి తెలియదు. రెండో చేత్తో కర్ర ఎత్తి, అత్తగారికి ఏం జవాబు చెప్పాలన్న భయమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు.

“రండిరా! ఇవాళ తాడోపేడో తేలిపోవాలి! తెల్లారకముందే లేచి, ఎండలో మాడి చేసిన కష్టంరా ఇది! చేసేది మేమూ, దర్జాగా పైనుంచి దిగి మెక్కేది మీరూనా? పోన్లే పోన్లే అని ఊరుకుంటుంటే నెత్తికెక్కారు! ఒక్కొక్కడి తోక కత్తిరిస్తాను! ఇక ఊరుకునేది లేదు!”

కోతులు కదలలేదు. ఫోన్లో మాత్రం గోల ఆగిపోయింది. కిరీటి అనుమానంగా తెరకేసి చూశాడు. నెత్తిన ఎర్ర తువ్వాలు, చేతిలో కర్ర, పిడికిలి బిగించిన తన బొమ్మే తెరంతా నిండి ఉంది.

“కిరీటీ! నువ్వా?” అంది గీతాంజలి. “ఇన్నేళ్ళలో నీ నోట నాలుగు మాటలు వినలేదు. ఇంత మంట దాచుకున్నావా లోపల?”

“అది కాదు మేడమ్, ఇక్కడ...”

“నాకు ఒళ్ళు గగుర్పొడిచింది సార్” అన్నాడు నవీన్ కుమార్. “ఇంతసేపూ వాదించినందుకు సిగ్గుగా ఉంది. నేను యూనియన్ వైపే. కిరీటి గారే ప్రెసిడెంటుగా ఉండాలి.”

తెర మీద చేతులన్నీ లేచాయి. “కోతులండీ!” అని కిరీటి అరిచేసరికి సిగ్నల్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి మీటింగు ముగిసింది, వడియాలూ ముగిశాయి. పైలెట్ల వాట్సాప్ గ్రూపులో కర్ర ఎత్తిన అతని ఫోటో కింద ‘మన ప్రెసిడెంట్’ అని ఉంది. ఆ ఫోటోనీ, అతనన్న మాటల్నీ ఎవరు చేరవేశారోగానీ, కాసేపటికే కంపెనీ మేనేజర్ కార్తీక్ ఫోన్ చేశాడు.

“ఏంటండీ కెప్టెన్ గారూ ఇది? తోకలు కత్తిరిస్తారా?”

“సార్, దేవుడి మీద ఒట్టు. నేనన్నది కోతుల్ని సార్.”

“మేనేజ్‌మెంటుని కోతులంటారా!”

“అయ్యో, నిజం కోతులు సార్! తోకలున్నవి!”

“మళ్ళీ తోకలా? ఎండీ గారితో ఇదే మాట చెప్తాను, ఉండండి” అని కార్తీక్ ఫోన్ పెట్టేశాడు.

కిరీటి కాళ్ళీడ్చుకుంటూ కిందికి దిగి సౌజన్యకి జరిగింది చెప్పాడు. మామగారు సీతారామారావుకి బోసుబొమ్మ సెంటర్లో పురుగుమందుల కొట్టుంది. ఆదివారం కూడా తెరుస్తాడు. అల్లుడు ప్రెసిడెంటయ్యాడని కూతురు ఫోన్లో చెప్పగానే ఆయన సంబరం పట్టలేక కొట్టు ముందున్న వాళ్ళందరికీ చెప్పేశాడు. వాళ్ళలో విస్సన్నపేట రూటు షేర్ ఆటోల యూనియన్ ప్రెసిడెంటు సతీష్‌కుమార్ ఒకడు. సాటి ప్రెసిడెంటు ఊళ్ళో ఉంటే చూస్తూ ఊరుకోవడం అతనికి మర్యాదగా తోచలేదు. కాసేపట్లో వీధి పొడుగునా ఆటోలు హారన్లు మోగిస్తూ వచ్చి ఆగాయి.

“పైలెట్ల ఐక్యత!”

“వర్ధిల్లాలి!”

కిరీటి మంచం కిందికి చూశాడు. అక్కడంతా మామిడికాయలు పరిచి ఉన్నాయి.

“ఏవండీ, బయటికి రండి. వాళ్ళు దండ తెచ్చారు” అంది సౌజన్య.

“ఉద్యోగానికా?”

“మీకే. ముందు తలకున్న ఆ తువ్వాలు తియ్యండి. లేదా ఉంచుకోండి, బాగానే ఉంది.”

సతీష్‌కుమార్ దండ వేసి చేతులు పట్టుకున్నాడు. “విమానమైనా ఆటో అయినా తోలేవాడి బాధ ఒకటే సార్. మా ముందు సీట్లో నలుగురం ఇరుక్కుంటాం. మీరెంతమంది?”

“ఇద్దరం.”

“అదృష్టవంతులు. మరింకేం బాధ సార్ మీకు?”

ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు. ఏదో ఒకటి చెప్పి పంపేద్దామని కిరీటి నోరు తెరిచాడు. నిద్ర లేదన్నాడు. సరిగ్గా నిద్రపోక వారాలయిందన్నాడు.

సతీష్‌కుమార్ మొహంలో నవ్వు పోయింది. “నిద్రొస్తే మేం ఎ.కొండూరు దగ్గర బండి పక్కకి తీసి చెట్టుకింద పడుకుంటాం. మీరెక్కడ ఆపుతారు సార్?”

కిరీటికి కిందటి నెల వానలో విమానం దింపుతున్నప్పుడు తన రెప్పలు వాలిన క్షణం గుర్తొచ్చింది. పక్క సీట్లోని కుర్రపైలెట్ “సార్!” అని అరవకపోతే ఏమయ్యేదో అతను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, సౌజన్యకి కూడా. వెనక సీట్లలో వాళ్ళు దిగేటప్పుడు బావుందని మెచ్చుకున్నారు కూడా.

అప్పుడే మళ్ళీ కార్తీక్ ఫోన్. ఈసారి గొంతులో తేనె.

“కెప్టెన్ గారూ, ఆ ఫోటో పెద్దది చేసి చూశాం. మీ వెనకాల ట్యాంకు మీద నిజంగానే కోతుంది. ఎండీ గారు చాలా సంతోషించారు. ఒక్క చిన్న వీడియో పెట్టండి చాలు. నేనన్నది కోతుల్ని, నాకూ యూనియన్‌కీ సంబంధం లేదు అని చెప్పండి. వాళ్ళంతా నవ్వులపాలైపోతారు. వచ్చే నెల నుంచి మీరే చీఫ్ పైలెట్.”

పొద్దుట్నుంచి కిరీటి చెప్పాలని తపిస్తున్నది ఆ ఒక్క మాటే. ఇప్పుడు దాన్ని నమ్మేవాళ్ళు దొరికారు, పైగా పదవి ఇస్తామంటున్నారు. అతను వీధిలోని ఆటోలకేసి చూశాడు. గుమ్మంలో నిలబడ్డ భార్యకేసి చూశాడు. జీవితంలో మొదటిసారి చెమట పట్టకుండా అబద్ధమాడాడు.

“కోతుల్ని కాదు సార్. మిమ్మల్నే అన్నాను.”

అవతల తలుపు మూసిన చప్పుడు. తర్వాత కార్తీక్ గొంతు బాగా తగ్గించాడు.

“మీ యూనియన్లో మేనేజర్లని కూడా చేర్చుకుంటారా?”

ఆటోలు వెళ్ళిపోయాక సుబ్బాయమ్మ మేడ మీదికి వెళ్ళి, ఖాళీ పంచెలు దులుపుకుంటూ దిగింది. “దేశానికి ప్రెసిడెంటైనా అవ్వండి బాబూ, మా మేడ మీదికి మాత్రం ఇంకెప్పుడూ కాపలాకి వెళ్ళకండి” అంది.

ఆటోల ఊరేగింపు వీడియో హైదరాబాదు దాకా పాకింది. జనం కూడా పైలెట్ల వెనకే ఉన్నారని భయపడి యజమాని చర్చలకు కూర్చున్నాడు. కిరీటి ఊళ్ళోనే ఉండిపోవడంతో గీతాంజలి మిగతావాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళింది. సామాన్లు మోయడం, కుక్కల బెల్టులు, విశ్రాంతి గంటలు అన్నీ పరిశీలిస్తామని దాటవేసి, యజమాని చివరికి ఒక్క కోరిక మాత్రం అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. సెలవులో ఉన్న పైలెట్‌కి కంపెనీ నుంచి ఎవరూ ఫోన్ చేయకూడదు.

ఆ శుభవార్త చెప్పడానికి యజమాని స్వయంగా సెలవులో ఉన్న కిరీటికి ఫోన్ చేశాడు.