గోడల్లేని చదువు

బందరులో హెడ్మాస్టరు సూర్యప్రకాశరావుగారు ఆ ఉదయం కాఫీ తాగుతూ గోడలు తీసేయాలని నిశ్చయించుకున్నారు. ఇంటివి కావు, బడివి. నిజానికి అవి గోడలు కూడా కావు. ఒకే పొడుగాటి హాలును మూడు తరగతులుగా విడదీస్తున్న తాటాకు తడికలు. కానీ తాను వెళ్లొచ్చిన హైదరాబాదు సెమినారులో తిట్టింది గోడలను కాబట్టి ఆయనకూ గోడలే కావలసి వచ్చాయి. కదలని గదిలో బుద్ధి కదలదని అక్కడ ఒక పెద్దమనిషి, కుర్చీలోంచి కదలకుండా, రెండు పూటలు చెప్పాడు.

తొందరకు కారణం ఉంది. ఉప్పెన వచ్చిపోయాక దివిసీమ బళ్లకు హెడ్మాస్టర్లను బదిలీ చేస్తున్నారు. పేర్లు ఏరే అధికారి పాండురంగంగారు గుడివాడలో తనిఖీ ముగించుకుని ఆ రోజే బందరు వస్తున్నారు. ఇలాంటి కొత్త పద్ధతుల హెడ్మాస్టరును ఊరు కదిలిస్తే బందరులో చదువులు కుంటుపడతాయని ఆ అధికారికి తోచాలి. తోచకపోతే దివిసీమే. అక్కడికి తాను రానని భార్య లలితగారు ముందే తేల్చేశారు. సూర్యప్రకాశరావుగారికి వంట రాదు.

తడికలు ఊడదీస్తుంటే తెలుగు చెప్పే సత్యవాణిగారు అడ్డం వచ్చారు.

"తడికలున్నప్పుడే పక్క క్లాసు ఎక్కాలు నా పద్యంలో పడుతున్నాయండీ. ఇవీ తీసేస్తే ఎవరికేం చెబుతున్నానో నాకే తెలీదు."

తెలియనవసరం లేదనీ, కొత్త పద్ధతిలో ఉన్న గొప్పతనమే అదనీ ఆయన నచ్చజెప్పారు. అయినా అవసరమైతే మూసుకోడానికి, అక్కర్లేకపోతే తెరుచుకోడానికి పరదాలు కట్టిద్దామని షామియానాల అల్లాబక్షుకు కబురంపారు. అవి పెళ్లిళ్ల రోజులు. దుకాణంలో మిగిలినవి ఎర్ర కుచ్చుల పరదాలే, వాటి మీద పెద్ద అక్షరాలతో "శుభ వివాహం". రాత లోపలి వైపుకు తిప్పి కడతానని అల్లాబక్షు మాటిచ్చి, అలాగే కట్టాడు. కాసేపటికి సముద్రపు గాలి వాటిని వీధి వైపు తిప్పింది.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలని కూడా సెమినారులో చెప్పారు. అందుకని బెంచీలు ఎదురెదురు వరసలుగా వేయించి, మధ్యలో తిరగడానికి దారి వదిలారు. పంక్తి భోజనాలకు విస్తళ్లు ఒక్కటే తక్కువ.

కూరల కోసం వెళ్లి వస్తున్న పక్కింటి భాగ్యమ్మగారు వీధిలోంచి ఇదంతా చూశారు. తిన్నగా లలితగారి వంటింట్లోకి వెళ్లి, బళ్లో కూతురికి తాంబూలాలు పుచ్చుకుంటూ గోడకు గోడ ఆనుకున్నవాళ్లకు ఒక్క మాటైనా చెప్పకూడదా అని నిష్ఠూరమాడారు. లలితగారికి వెంటనే గుడివాడ సంబంధం గుర్తొచ్చింది. అమ్మాయి అరుణకుమారి డిగ్రీ చదువుతోంది. ఆ సంబంధం భర్తకు ఇష్టం, తనకు కాదు. తనకు తెలియకుండా బళ్లోనే కానిచ్చేస్తున్నాడన్న మాట. పప్పు పొయ్యి మీదే వదిలేసి బయల్దేరారు.

బళ్లో అప్పటికి పాండురంగంగారి తనిఖీ సాగుతోంది. పద్యంలో మూడో పాదం చెప్పమంటే ఒక కుర్రాడు లేచి, పరదా అవతలి నుంచి వినబడుతున్నదే అందుకుని, పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది అన్నాడు. సత్యవాణిగారు కిటికీలోంచి బయటికి చూశారు. ఇది సకల శాస్త్రాల సమన్వయమని సూర్యప్రకాశరావుగారు అధికారికి విన్నవించారు.

ఆ కూర్చున్న పెద్దమనిషి ఎవరని లలితగారు గుమ్మంలో అల్లాబక్షును అడిగారు.

"గుడివాడ నుంచి వచ్చారమ్మా. ఆయన మెప్పు కోసమే మాస్టారు ఇదంతా కట్టించింది."

ఇంకేం కావాలి? లలితగారు కొంగు బిగించి నేరుగా అధికారి ముందుకు వెళ్లి నిలబడ్డారు.

"అన్నయ్యగారూ, మీ అబ్బాయి బంగారమే కావచ్చు. మా పిల్ల చదువు పూర్తయ్యేదాకా పెళ్లి మాట ఎత్తద్దని ఈయనకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఈ తాంబూలాలు నాకు సమ్మతం కాదండీ."

పిల్లలంతా ముఖాముఖి కూర్చుని ఉన్నందువల్ల ఒకరి నవ్వు ఒకరికి అంటుకుంది. పాండురంగంగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నాకు ముగ్గురూ ఆడపిల్లలేనమ్మా" అన్నారు దిగులుగా.

లలితగారు నాలిక్కరుచుకుని పరదా వెనక్కి తప్పుకున్నారు. భర్తకు తల కొట్టేసినట్టయింది. పోయిన పరువు ఉపన్యాసంతో తిరిగొస్తుందని నమ్మే మనిషి కాబట్టి అప్పటికప్పుడు అందుకున్నారు. గోడలు విద్యకు సంకెళ్లన్నారు. గురువూ శిష్యుడూ ఉంటే చాలు, గోడ లేనిచోటే చదువు వికసిస్తుందన్నారు. కట్టడాల మీద పోసే సొమ్ము బూడిదలో పోసినట్టేనని కూడా అనేశారు.

"మనస్ఫూర్తిగానే అంటున్నారా?" పాండురంగంగారు ముందుకు వంగారు.

"ప్రాణం పెట్టి అంటున్నానండి."

అధికారి లేచి ఆయన చేతులు రెండూ పట్టుకున్నారు.

"ఉప్పెనకి ఒక్క గోడా మిగలని బడి ఒకటుంది దివిసీమలో. ఎవర్ని పంపుదామన్నా ముందు గోడలు కట్టించమంటున్నారు. గోడ అడగని హెడ్మాస్టరు కోసమే ఊరూరా తిరుగుతున్నానండీ నేను."

వారం తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. బందరు బళ్లో తడికలు మళ్లీ లేచాయి, సత్యవాణిగారి పద్యానికి మూడో పాదం దొరికింది. దివిసీమలో పిల్లలు ఎండ జరిగినప్పుడల్లా నీడ వైపుకు పలకలతో సహా జరిగి కూర్చునేవారు. సెమినారు చెప్పిన కదిలే తరగతి గది అదే కాబోలు. వాన పడితే వాళ్లు పుస్తకాలను చొక్కాల్లో దాచుకుని తడుస్తుంటే సూర్యప్రకాశరావుగారు చూడలేకపోయారు. సిగ్గు విడిచి గోడల కోసం అర్జీ మీద అర్జీ పెట్టారు. తమరి పద్ధతి జయప్రదంగా సాగుతున్నందుకు సంతోషం, దానికి భంగం కలిగించలేము అని జవాబొచ్చింది.

ఆ బడి గోడలకు వచ్చిన గ్రాంటుతో విద్యాశాఖ ఆఫీసు చుట్టూ ప్రహరీ కట్టించారు.