అరువు తరగతి

ఈ విద్యా సంవత్సరం ముగిసేలోగా ఆదోని డివిజన్‌లో లెక్కలు రాని పిల్లవాడంటూ ఉండడని జిల్లా గణిత నాణ్యతా సమన్వయాధికారి ఉరుకుందప్ప గారు ఆదోని షాదీఖానాలో టీచర్లకు పెట్టిన ట్రైనింగులో ప్రకటించారు. ఎలా ఉండడన్నది మాత్రం ఆయన అప్పటికి చెప్పలేదు. హైస్కూలు లెక్కల టీచర్లంతా చప్పట్లు కొట్టారు. మధ్యలో కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి గానీ చప్పట్లు ఆగలేదు.

ఉరుకుందప్ప గారు తెచ్చిన కొత్త పద్ధతి పేరు మాస్టరీ టీచింగ్. దాని కోసం ఆయన విదేశం వెళ్లి రాలేదు. వెళ్లి వచ్చినవాళ్లను విజయవాడలో చూసి వచ్చారు. ఆ కాస్తకే ఆయనలో ఎంతో మార్పు వచ్చిందని అందరూ అనుకున్నారు.

"క్లాసులో ఒక్క పిల్లోడికి అర్థం కాకున్నా పాఠం ముందుకు పోకూడదు! ఆగల్ల! మళ్లీ చెప్పల్ల! అదే మాస్టరీ!" అంటూ ఆయన స్లైడు మార్చారు. ఆ వెంటనే ఇంకొకటి మార్చారు.

"సార్, ఆ ముందు స్లైడు ఒక్కసారి వెనక్కి పెడతారా? అర్థం కాలేదు" అంది ముందు వరసలో ఉన్న జ్యోతి టీచర్.

"టైము లేదమ్మా. సాయంత్రం లోపల పోర్షన్ అయిపోవల్ల."

పోర్షన్ అయిపోయింది. హాజరైన టీచర్లందరికీ మాస్టరీ వచ్చేసిందని ఆయన మైకులో చెప్పారు. గ్రూప్ ఫోటో దిగి ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు.

ఎమ్మిగనూరు బస్సులో కూర్చున్న ముదస్సిర్ మాత్రం దారి పొడవునా ఆ మాటలే తలచుకున్నాడు. గోనెగండ్ల దగ్గర ఒక పల్లె హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. పిల్లలకు అర్థం కాకపోయినా సిలబస్ పరిగెత్తించాల్సి వస్తోందని ఏళ్లుగా లోలోపల కుమిలిపోతున్నవాడు. ఇన్నాళ్లకు ఒక ఆఫీసరు నోరు తెరిచి ఆగమన్నాడు. ఆ మాటను మనసారా నమ్మినవాడు ఆ బస్సులోనే కాదు, డివిజన్ మొత్తంలో అతనొక్కడే అయి ఉండాలి.

మర్నాడు తొమ్మిదో తరగతిలో అర భాగానికి మూడో వంతు కలపమన్నాడు. క్లాసంతా పై అంకెలు పైన, కింది అంకెలు కింద కూడి, ఐదింట రెండు అన్నారు. ముదస్సిర్ పాఠం ఆపేశాడు. ఇంటి నుంచి జొన్నరొట్టెలు తెచ్చి, తుంచి చూపించడం మొదలుపెట్టాడు.

మంజుల అనే పిల్ల అప్పటికి సగం రోజులు బడికి వచ్చేది, సగం రోజులు అమ్మతో పత్తి ఏరడానికి పోయేది. లెక్కల పీరియడ్ ఉన్న రోజు తప్పకుండా పత్తికే పోయేది. ఆ పిల్ల సగం రొట్టె చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"సార్, అర రొట్టెకు ఇంగొక ముక్క కలిపితే అరకన్నా తక్కువెట్లయితాది? ఐదింట రెండంటే అరకు తక్కువే కదా?"

ముదస్సిర్ ఆ రోజు స్టాఫ్ రూములో ఒంటరిగా కూర్చుని నవ్వుకున్నాడు. మంజుల మళ్లీ పత్తికి పోలేదు. రొట్టెను ఆరు ముక్కలు చేసి, అందులో ఐదు ఎలా వస్తాయో పక్క బెంచీవాళ్లకు తనే చెప్పడం మొదలుపెట్టింది.

ఇంతలో ఉరుకుందప్ప గారు తనిఖీకి వచ్చారు.

"ఏం పాఠం జరుగుతాంది?"

"భిన్నాలు సార్."

"భిన్నాలా! సిలబస్ యాప్‌లో చూస్తే ఘనపరిమాణాల కాడ ఉండాల్సింది కదప్పా నువ్వు!"

"అందరికీ అర్థమయ్యేదాకా ముందుకు పోకూడదని మీరే చెప్పినారు కదా సార్, ఆదోనిలో."

ఉరుకుందప్ప గారు ముదస్సిర్ భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు. "అది ట్రైనింగప్పా. ఇది స్కూలు" అని విడమరిచి చెప్పి, మెమో ఇచ్చి వెళ్లారు.

ఆ తర్వాత రాజధాని నుంచి డైరెక్టర్ గారు మాస్టరీ చూడడానికి వస్తున్నారని కబురు వచ్చింది. రోడ్డుకు దగ్గరగా ఉందని ఈ బడినే ఎంచారు. ఉరుకుందప్ప గారు కంగారుపడే మనిషి కాదు. ఎమ్మిగనూరులో గోవిందన్న నడిపే ప్రైవేటు స్కూలు నుంచి చురుకైన పిల్లలను పచ్చ బస్సులో రప్పించారు. ఊరి పిల్లలకు ఇంకా పంచని కొత్త సర్కారు యూనిఫాంల కట్టలు విప్పి వాళ్లకు తొడిగించారు. తొమ్మిదో తరగతి గదిలో వాళ్లను కూర్చోబెట్టి, అసలు పిల్లలను ముదస్సిర్‌తో పాటు సైకిల్ షెడ్డులోకి తోలారు.

"గట్టిగా మాట్లాడొద్దండి. కావాలంటే చదువుకోండి" అని అనుమతి కూడా ఇచ్చారు.

లోపల అరువు పిల్లలు ఘనపరిమాణాల సూత్రాలు ఏకబిగిన ఒప్పజెప్పారు. డైరెక్టర్ గారు ఆవలింత ఆపుకుని, ఫోన్‌కు సిగ్నల్ వెతుక్కుంటూ బయటికి వచ్చారు. సిగ్నల్ సైకిల్ షెడ్డు దగ్గర దొరికింది. అక్కడ మంజుల నేల మీద సుద్దముక్కతో రొట్టె బొమ్మ గీసి, ఆరు భాగాలు చేసి, తోటి పిల్లలతో వాదిస్తోంది. డైరెక్టర్ గారు ఫోన్ జేబులో పెట్టేసి అక్కడే నిలబడిపోయారు.

"ఇదయ్యా మాస్టరీ! ఏ స్కూలు పిల్లలు వీళ్లు?"

వెనకాలే పరిగెత్తుకొచ్చిన ఉరుకుందప్ప గారికి ఒక చిక్కు వచ్చి పడింది. వీళ్లే ఈ బడి పిల్లలంటే, లోపలున్నవాళ్లు ఎవరు?

"ఎమ్మిగనూరు ప్రైవేటు స్కూలోళ్లు సార్. మన పిల్లోళ్లను చూసి నేర్చుకునేకి వచ్చినారు."

"మనమే వీళ్లను చూసి నేర్చుకోవాలి. మరి ఈయన?"

"వాళ్ల బస్సు డ్రైవరు సార్."

"డ్రైవరు కూడా ఎంత శ్రద్ధగా వింటున్నాడో!"

మంజుల చప్పున లేచింది. "డ్రైవరు కాదు సార్, ఆయప్ప మా..."

ముదస్సిర్ ఆ పిల్ల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఎందుకు ఊపాడో అతనికే తెలియలేదు. మెమో గుర్తొచ్చి ఉండాలి. మంజుల నోరు మూసుకుంది గానీ, చూపు మాత్రం అతని మీద నుంచి తిప్పుకోలేదు. ముదస్సిరే తల దించుకున్నాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. డివిజన్‌లోని సర్కారు లెక్కల టీచర్లందరూ భిన్నాలు బోధించడం నేర్చుకోవడానికి గోవిందన్న స్కూలుకు వెళ్లాలి. ముదస్సిర్‌కు హాజరు తప్పనిసరి. అతను వెనకబడి ఉన్నాడని ప్రత్యేకంగా పేర్కొన్నారు.

శిక్షణకు ముందురోజు గోవిందన్నే స్వయంగా ఎమ్మిగనూరులో ముదస్సిర్ ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విడిచాడు.

"సార్, మా పిల్లోళ్లకు బట్టీ ఒక్కటే వస్తాది. రొట్టెలూ గిట్టెలూ వాళ్లకేం తెలుసు? రేపు డెమో ఉండాది. మీ పిల్లోళ్లను ఒక్క పూట పంపిస్తే సాలు."

"నా పిల్లోళ్లనా?"

"బస్సు మాదే. టైలు, బూట్లు మావే. ఉరుకుందప్ప సార్‌తో మాట్లాడినా, సరే అన్నాడు. మీకు మాట చెప్పకుండా తీసకపోతే బాగుండదని వచ్చినా."

మర్నాడు గోవిందన్న స్కూలు హాలు టీచర్లతో నిండిపోయింది. తొమ్మిదో తరగతి పిల్లలు మెడకు టైలతో, కాళ్లకు వదులైన బూట్లతో వరసగా వేదిక ఎక్కారు. వెనక వరసలో ముదస్సిర్ పక్కన ఉరుకుందప్ప గారు కూర్చుని, "చూడప్పా, నేర్పడమంటే ఇది. బాగా చూసి నేర్చుకో" అన్నారు.

మంజుల బోర్డు మీద గుండ్రంగా రొట్టె గీసింది. దాన్ని ఆరు ముక్కలు చేసింది. అరలో మూడు, మూడో వంతులో రెండు, కలిపితే ఐదు. ఎక్కడా తడబడలేదు. చివర్లో సుద్ద పక్కన పెట్టి, హాలంతా ఒకసారి కలయజూసింది.

"అర్థం కానోళ్లు చెయ్యెత్తండి."

టీచర్లెవరూ కదల్లేదు. కాసేపటికి వెనక వరసలో ఒకే ఒక్క చెయ్యి పైకి లేచింది. అది ముదస్సిర్‌ది. మంజుల అతన్నే చూస్తూ, మళ్లీ సుద్ద అందుకుంది.

ఉరుకుందప్ప గారు ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగారు.

"దించప్పా. వీడియో తీస్తాండారు."