జ్వరం గడి

ఒక పెద్ద అడవిలో, వానాకాలం ఇంకా ఇరవై రోజులుందనగా, కేతకి అనే ఆడగుర్రం ప్రేమలో పడింది. మేఘరాజు అనే నల్లగుర్రం అటు నడిస్తే దాని గుండె అటు, ఇటు నడిస్తే ఇటు.

వానలు పడితే దోమకన్నా చిన్న పురుగులు కుట్టేవి. గుర్రాలకు కళ్లు ఉబ్బి, ఊపిరాడని వైరస్ జ్వరం పట్టుకునేది. టీకా ఉంది గానీ, అందులో బతికున్న వైరస్‌నే కాస్త నీరసపరిచి ఎక్కించేవారు. ఒక్కోసారి అది లోపల లేచి కూర్చునేది. మేఘరాజు వాళ్ల అన్న అలాగే పోయాడు.

"కుట్టించుకుని చావనా, పొడిపించుకుని చావనా? నేను మాత్రం వేయించుకోను" అనేవాడు మేఘరాజు. అది విని కేతకికి మేత సహించేది కాదు.

ముళ్లపంది డాక్టరమ్మ మాత్రం పొగాకు జాతి మొక్కల ఆకుల్లో కొత్త టీకా పండించింది.

"ఇందులో వైరస్ పైతొడుగే ఉంటుందమ్మాయ్. లోపల ఖాళీ. ఒంట్లో కాపలావాళ్లు ఆ మొహం గుర్తుపెట్టుకుంటారు, అంతే. మందుల ఆఫీసు ఒప్పుకుంటే అందరికీ వేస్తాను."

"ముందు నాకు వేసి చూడండి" అంది కేతకి. వేశారు. ఏమీ కాలేదు. సంబరంగా ఆఫీసుకెళ్లింది.

అక్కడ సూపరింటెండెంటు ఉడుముగారు. పట్టుకున్న కాగితం వదలడు.

"జ్వరం ఎన్ని రోజులు?"

"రాలేదండీ."

"ఫారంలో గడి ఖాళీగా ఉంచకూడదు."

"సున్నా వెయ్యండి."

"సున్నా వేస్తే మందు పనిచెయ్యలేదని. మా తాతల నాటినుంచీ టీకా అంటే మూడు రోజుల జ్వరం. వచ్చాక రా."

పడమట ఆకాశం అప్పటికే మబ్బు పట్టింది. కేతకి మూడు మధ్యాహ్నాలు ఎర్రబండకి ఆనుకుని ఎండలో నిలబడింది. ఒళ్లు కాలుతుంటే కళ్లు మూసుకుని మేఘరాజు జూలు తలుచుకుంది. మూడోనాడు తూలుకుంటూ వెళ్లింది.

ఉడుముగారు మెడ తాకి చూశాడు. "ఆఁ, ఇదీ టీకా అంటే." మూడు అని రాశాడు. పేజీ తిప్పాడు. మొహం ముడుచుకుంది.

"ఇక్కడ సురక్షితమైన మందని రాశారే. సురక్షితమైతే జ్వరమెందుకొచ్చింది? నిషేధించడమైనది."

"అయ్యగారూ, ఆ జ్వరం మీకోసమే తెచ్చుకున్నానండీ."

"నాకోసం ఎవరూ ఏమీ తేకూడదు. లంచం కిందికొస్తుంది."

కేతకి ఏడుస్తూ ఉత్తర్వు తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టింది. డాక్టరమ్మ రెండుసార్లు చదివింది.

"మిగిలిన మందంతా నేలమీద గానీ, నీళ్లలో గానీ పడకుండా వారంలోగా నాశనం చేయాలట. నేలమీద వద్దు, నీళ్లలో వద్దు. మరెక్కడ పొయ్యనే తల్లీ?"

కేతకి ఏడుపు ఆపి, గడ్డి మేస్తున్న మేఘరాజు మెడకేసి చూసింది.

"నువ్వు వేయించుకున్నదేనా? అయితే పొయ్యండి" అన్నాడు మేఘరాజు. వాడి వెనక మంద మొత్తం వరస కట్టింది. నాశనం చేయడమైనదని డాక్టరమ్మ జవాబు రాసి పంపింది.

వానలొచ్చాయి. పురుగులొచ్చాయి. మేఘరాజు తుమ్మనైనా తుమ్మలేదు.

కార్తీకంలో అడవి సభ పెట్టి ఉడుముగారికి దండ వేశారు. కొత్త మందును సకాలంలో ఆపినందువల్లే ఈ ఏడు ఒక్క గుర్రానికీ రోగం రాలేదని సింహంగారు మెచ్చుకున్నారు. వెనక వరసలో మేఘరాజు భుజానికి ఆనుకుని కేతకి అందరికన్నా గట్టిగా గిట్టలు కొట్టింది. డాక్టరమ్మ సభకు రాలేదు. వచ్చే ఏడు కూడా నిషేధించమని కొత్త దరఖాస్తు రాసుకుంటోంది.

నీతి: మంచి మందుకు అనుమతి రాలేదని దిగులుపడకండి, పారెయ్యమనే ఉత్తర్వు వేళకే వస్తుంది.