యాకోబు బావి నీళ్లు తాగొచ్చిన మనిషి

ప్రతి సంఘానికీ పవిత్ర దేశం చూసొచ్చిన మనిషి ఒకడు ఉండి తీరాలి! గంట లేకపోయినా గుడి నడుస్తుంది. కప్పు కారుతున్నా నడుస్తుంది. యెరూషలేము చూసొచ్చిన మనిషి లేకపోతే మాత్రం అదేం సంఘమండీ?

మా పటాన్‌చెరు సంఘానికి ఆ లోటు లేదు. ఇక్కడ కొత్తగా వెలసిన ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ ఆఫీసరు కృపానందంగారు పద్దెనిమిది రోజులు విదేశం వెళ్లి, బేత్లెహేము మొదలు ఒలీవల కొండ దాకా చూసి వచ్చారు. ఆ పద్దెనిమిది రోజుల గురించి పద్నాలుగు నెలలుగా చెబుతున్నారు. ఇంకా ఆరో రోజులోనే ఉన్నారు!

దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి. ప్రసంగం తయారు చేసుకునే శ్రమ తప్పి మా పాస్టరుగారు ఒళ్లు చేశారు.

బర్నబాగారి కూతురు గ్రేస్ పెళ్లిలో ‘రెండు మాటలు’ చెప్పడానికి లేచిన కృపానందంగారు, యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చిన కానా ఊళ్లో తాను చూసిన రాతిబానల కొలతలు చెప్పారు. గంటా పది నిమిషాలు! పెళ్లికొడుకు కునుకు తీశాడు. బగారన్నం చల్లారిపోయింది. అయితేనేం? చల్లారిన అన్నం ఎవరూ రెండోసారి అడగలేదు. ఆడపెళ్లివారికి ఎంత కలిసొచ్చింది!

దేవసహాయం తాతను సమాధి చేసిన రోజున, యేసు తిరిగి బతికించిన లాజరు సమాధికి మెట్లెన్నో, వాటిలో ఏది జారుతుందో వివరించారు. పెట్టె మోసేవాళ్లు నాలుగుసార్లు భుజాలు మార్చుకున్నారు. ఏడవడానికి వచ్చినవాళ్లు ఏడుపు మాని వాచీలు చూసుకున్నారు. దుఃఖానికి ఇంతకంటే మందుందా?

సంగారెడ్డి దగ్గర మంజీర నిండుగా పారుతుంటే చూసి, "ఇదేం నదండీ! యొర్దాను చూడాలి" అని పెదవి విరిచారు. నేను హైస్కూలు టీచర్ని కదా, యొర్దాను ఎంత వెడల్పని అడిగాను. "ఇటునుంచి రాయి విసిరితే అటు ఒడ్డున పడుతుంది" అన్నారు గర్వంగా. భక్తికి టేపు పెట్టి కొలవకూడదని ఆ రోజే తెలుసుకున్నాను.

ఇంతటి భాగ్యం పల్లెలకు కూడా అందాలి కదా! సంఘ కార్యదర్శిగా నేనే ఆయన్ని ఇంద్రేశం తీసుకెళ్లాను. ఆయన పుట్టిన ఊరే. తల్లి పురిట్లోనే పోతే పెద్దమ్మ రాజవ్వ పెంచింది. నాట్లకూ కలుపులకూ పోయి ఆయన్ని బోర్డింగులో చదివించింది. ఆయన విమానం ఎక్కిన రోజున, క్షేమంగా దిగాడని కబురొచ్చేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదట. ఆఫీసరయ్యాక ఆయన ఊరి చివరనున్న ఆ వాడలో అడుగుపెట్టడం అదే మొదలు.

రాజవ్వ ఇంటిముందు చాపలు పరిచారు. కృపానందంగారు మాత్రం జీపులో తెచ్చుకున్న మడత కుర్చీలో కూర్చుని, సమరయలోని యాకోబు బావి సంగతి ఎత్తుకున్నారు. అందరూ దూరం పెట్టిన స్త్రీని యేసు ఆ బావి దగ్గరే నీళ్లడిగాడనీ, వేల ఏళ్లనాటి ఆ బావి నీళ్లు తానూ దోసిలి పట్టి తాగాననీ చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నారు. పొలమారింది.

రాజవ్వ లేచి, కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి తెచ్చింది.

"నోరెండుకపోయింది బిడ్డా. జెర తాగు."

కృపానందంగారు చెంబు వైపు చూశారు. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

"వద్దు పెద్దమ్మా. ఇక్కడి నీళ్లు నాకు పడవు. కాచిన నీళ్లే తాగమన్నాడు డాక్టరు." జీపులోని ఫ్లాస్కు తెమ్మని డ్రైవరుకు సైగ చేశారు.

రాజవ్వకు కోపం రాలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"గా బావి నీళ్లు గిట్లనే కాచి ఇచ్చిండ్రా బిడ్డా?"

చాపల మీద ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కృపానందంగారు వాచీ చూసుకుని, "ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ ఉంది" అంటూ ముగింపు ప్రార్థన కూడా చెయ్యకుండా జీపెక్కారు.

చెంబు రాజవ్వ చేతిలోనే ఉండిపోయింది. ఆమె నావైపు తిరిగింది.

"నువ్వన్న తాగు సారూ. ఎండల వచ్చినవు."

నాకు నిజంగానే నాలుక పిడచకట్టుకుపోతోంది. కానీ పాఠకులారా, వచ్చే ఏడాది యాత్రకు మా మెదక్ జిల్లా మొత్తానికి ఒక్కరికే చోటుంది. ఆ ఒక్కరి పేరు సిఫారసు చెయ్యాల్సింది కృపానందంగారు. జీపులోంచి ఆయన మావైపే చూస్తున్నారు.

"నాకూ పడవు అవ్వా" అన్నాను.

రాజవ్వ చెంబెత్తి తానే గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, చాపలు చుట్టడం మొదలుపెట్టింది.

సిఫారసు ఉత్తరం నిన్ననే చేతికొచ్చింది. వచ్చే ఏడాది నేనూ ఆ బావి దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తాను. తిరిగొచ్చి అంతా వివరంగా చెబుతాను. మీరు తప్పక వినాలి!